తలుపు వేసే ఉంది

అయినా ఆ సాయంత్రం తను నూర్‌బీని మోకరించమని ఎందుకన్నట్టు? తలుపు వేసే ఉంది కదా. గడియ కూడా పెట్టి ఉంది. కిటికీ రెక్కల సందులో పాత గుడ్డలు కుక్కింది నూర్‌బీయే. గదిలో ఉన్నది ఇద్దరే. చూసేవాళ్లు లేరు, వినేవాళ్లు లేరు. మరి ఎవరి కోసం?

"టీచరమ్మా, నాది సూడుండ్రి," అంది ముందు వరసలోని పిల్ల, చేతిరుమాలు అంచు పైకెత్తి.

దేవకృప ఆ గుడ్డ అందుకుంది. కుట్లు ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, మధ్యలో దారం బిగిసి అంచు ముడతపడి ఉంది. విప్పి మళ్లీ కుట్టమనాలి. అంటే ఆ పిల్ల ముఖం చిన్నబోతుంది, తను పక్కన కూర్చుని చూపించాలి. "బాగుంది," అని తిరిగి ఇచ్చేసింది. బాగాలేదని ఇద్దరికీ తెలుసు. ఈ మధ్య ఏ పనీ చివరిదాకా పట్టుకునే ఓపిక ఉండటం లేదు.

భారత యూనియన్ సైన్యం వచ్చి నిజాం లొంగిపోయినప్పుడు మూసేసిన బడిని మళ్లీ తెరిచారు. కానీ బెంచీలు నిండలేదు. బురఖా తల్లులతో జట్కాల్లో దిగే పిల్లలు ఇంకా రావడం లేదు. వాళ్ల పేర్లు పిలిచి, జవాబు రాక, తర్వాతి పేరుకు వెళ్లిపోవడం దేవకృపకు అలవాటైపోయింది. అంత తొందరగా అలవాటైనందుకు మొదట సిగ్గనిపించింది. ఇప్పుడు అదీ లేదు.

ఆ సాయంత్రం సంగతి తీసుకుంటే, తలుపు తట్టినప్పటి సంగతి, అందులో వెతకడానికి ఏమీ లేదు. సైన్యం వచ్చిన రోజు. సికింద్రాబాదంతా రోడ్ల మీదే ఉంది, జెండాలు, అరుపులు. పక్క గది నూర్‌బీ చిన్న మూట పట్టుకుని వచ్చి, మాట్లాడకుండా గుమ్మంలో నిలబడింది. మొగుడు పోయిన మనిషి, ఒంటరిది. దేవకృప లోపలికి లాగి తలుపు వేసింది. మర్నాడు చీకటి పడేముందు కర్రలు పట్టుకుని కొందరు వచ్చారు. "ఈ లైన్ల తురకోల్లు ఎవరన్న ఉన్నరా?" అన్నారు. దేవకృప గుమ్మానికి అడ్డంగా నిలబడి, "లేరు. మేం క్రైస్తవులం. ఈమె మా చిన్నాన్న కూతురు పుష్పమ్మ," అంది. గొంతు వణకలేదు. వాళ్లు వెళ్లాక మళ్లీ గడియ పెట్టింది. అది మంచి పనే. ఎన్నిసార్లు తిప్పి చూసినా మంచి పనే.

కానీ మోకరించమన్నది ఆ రోజు కాదు. ఆ తర్వాత, ఎవరూ రాని ఒక సాయంత్రం.

*

మధ్యాహ్నం పిల్లలు బయట సద్దులు తింటుంటే మేబెల్ వచ్చింది. చర్చి స్త్రీల సమాజానికి ఆమే కార్యదర్శి. వస్తూనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆదివారం అంతా ఫిక్స్ అయిపోయింది, కృపా. ఆరాధన కాగానే పుష్పమ్మ బాప్తిస్మం. అయ్యగారు ప్రసంగం కూడా రాసేసుకున్నారు. తెల్లచీర నేనిస్తున్నాను, కొత్తదే. నువ్వు సాక్ష్యం చెప్పాలి. ఎక్కువేం వద్దు, ఆ రోజు గుమ్మంలో నిలబడ్డావు చూడు, అది చెప్తే చాలు."

"అది అందరికీ తెలిసిందేగా."

"తెలిస్తే? నీ నోట వినాలి. మా ఆయన ఇప్పటికి నాలుగిళ్లలో చెప్పాడు, ఆడకూతురు ఒక్కతే నిలబడి పంపించేసిందని. ఆ టైములో ఆయన మంచం కింద ఉన్నాడనుకో, అది వేరే సంగతి."

దేవకృప నవ్వింది. నవ్వుతూనే, ఆ పొగడ్తకు లోపల ఏదో మెల్లగా విప్పారడం గమనించింది. దాన్ని, ఎవరో తన గదిలోకి వచ్చి తన దుప్పటి కప్పుకుని పడుకుంటే చూస్తున్నట్టు చూసింది.

"మేబెల్, నూర్‌బీని అడిగారా?"

"నూర్‌బీ ఎవరు? పుష్పమ్మేగా? అడగకుండానా! నీ ముందేగా అడిగాను, మీ వాకిట్లో. వస్తానంది. నువ్వు కూడా నవ్వావు."

అవును. ఆ రోజు మేబెల్ అడగ్గానే నూర్‌బీ ముందు తన వైపు చూసింది. తను నవ్వింది. అప్పుడు నూర్‌బీ, "వస్త," అంది. ఆ మూడూ ఏ వరసలో జరిగాయో దేవకృపకు ఇప్పుడే కనిపించింది.

*

సీతాఫల్‌మండిలో ఆ గదుల వరసకంతటికీ ఒకటే నల్లా. సాయంత్రం దేవకృప వచ్చేసరికి చివరి గదిలో ఉండే పర్వతాలు బిందె కింద పెట్టి, సన్నటి ధార వైపు చూస్తూ గొంతుక్కూర్చుని ఉన్నాడు. 

"పంతులమ్మా, ఆదివారం పండుగంట గద మీ కాడ. గీ లైన్ల ఇంక నేనొక్కన్నే మిగిల్తనేమో. జెర నాకు సుత చెప్పుండ్రి మీ అయ్యగారికి. మీ గుడి తొట్టి నిండ నీల్లు పోస్తరంట గద, ఈడ తానానికే తక్లీఫైతుంది."

"నీ భార్య ఒప్పుకుంటుందా?"

"నీల్లొస్తయంటే అదే ముందుగాల ఉరుకుతది," అని బిందె ఎత్తుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "పంచాతి లేదమ్మా ఈ నల్లా కాడ. నువ్వు, నూర్‌బీ కొట్లాడుతుంటే జెర పొద్దు పోతుండె."

నిజమే. అంతకుముందు ఈ నల్లా దగ్గర నూర్‌బీ తన బిందెను కాలితో పక్కకు జరిపిన రోజులున్నాయి. "పంతులమ్మవైతే నీ బడిల! ఈడ లైనే!" అని అరిచిన రోజులున్నాయి. ఇప్పుడు తెల్లవారి లేచేసరికి తన బిందె నిండి, మూత పెట్టి గుమ్మంలో ఉంటోంది. వద్దని చెప్పింది. చెప్పిన మర్నాడు కూడా నిండే ఉంది.

గొడవలు సద్దుమణిగాక తన గదికి మళ్లిన నూర్‌బీ వాకిట్లో బొంత కుడుతోంది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, మూలల్లో రాళ్లు పెట్టి, ఒక అంచు మీద తను కూర్చుంది. దబ్బనం దించి, అడుగున ఎడమచేతి వేలితో దాని మొన తగలగానే పైకి తోసి, దారం లాగుతోంది. వరస చివరికి రాగానే కూర్చున్న చోటు నుంచి లేవకుండా తుంటి మీద జరుగుతోంది. దేవకృపను చూసి దబ్బనం గుడ్డలో గుచ్చి లేవబోయింది.

"కూర్చో. నేనేం చుట్టాన్ని కాదు."

"చాయ పెడ్త అక్కా."

"వద్దు." దేవకృప గుమ్మంలో కూర్చుని చెప్పులు విప్పింది. ఏదో వెలితిగా ఉంది. ఏమిటో అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఇవాళ గురువారం కదా. ఊదు వెయ్యలేదేం?"

గురువారం పొద్దుగూకేవేళ నిప్పుల మీద ఊదు వేసి, చచ్చిపోయిన భర్త పేర ఫాతెహా ప్రార్థన చదువుకోవడం నూర్‌బీ అలవాటు. ఆ పొగ గోడ మీంచి ఇటు వచ్చేది. ఏళ్లుగా దేవకృపకు వారాలు ఆ వాసనతోనే తెలిసేవి.

"నీకు దగ్గొస్తది గద," అంది నూర్‌బీ.

"నాకెప్పుడు వచ్చింది?"

"ఆ రోజు. మీ ఇంట్ల ఉన్నప్పుడు."

ఆ గురువారం, దాక్కున్న గదిలో, నూర్‌బీ చెంగు ముడిలోంచి చిటికెడు ఊదు తీసింది. వాసన బయటికి పోతుందని దేవకృప వారించింది. అది న్యాయమైన మాటే. కానీ ఆ మాట మొరటుగా వినిపించి, మెత్తబరచడానికి కొంచెం దగ్గింది. అంతే. ఆ దగ్గు ఇంకా ఇక్కడే ఉంది. రెండిళ్ల మధ్య గోడలా నిలబడి ఉంది.

"అమీన ఎలా ఉంది?" అంది, మాట మార్చడానికి. అమీన నూర్‌బీ కూతురు, బొల్లారంలో కాపురం.

నూర్‌బీ దారం పళ్లతో కొరికింది. "మంచిగనే ఉంది. కబురు పంపింది. అల్లుడు జెర గరమైండట. కిరస్తానోల్లల్ల కలిస్తే మల్ల మా గడప తొక్కొద్దన్నడట."

"మరి?"

"మరేముంది. అది కడుపుతోని ఉంది. పురుడు వాల్ల అత్త పోస్తది తీ." దబ్బనం దించింది, మొన వెతికింది, పైకి లాగింది. "ఆ మాటకు గిట్ల పరేషాన్ గాకు అక్కా."

"నూర్‌బీ, నీకు ఇష్టమేనా? నిజం చెప్పు."

నూర్‌బీ తలెత్తి దేవకృప ముఖంలోకి చూసింది. తొందర లేకుండా, బజారులో గుడ్డ నాణ్యం చూసినట్టు చూసింది. ఆ చూపు ఏం వెతుకుతోందో, ఏం దొరికిందో గానీ, "నీకిష్టమైంది నాకిష్టం గాదా? నువ్వు అడ్డం నిలవడకుంటే ఏడుంటుంటి నేను?" అంది.

"నేను రమ్మని చెప్పలేదు."

"చెప్పాల్నా అక్కా? తెలుస్తది గద."

*

తాయెత్తు తీసెయ్యమన్నది మొదటిది. మెడలో కనిపిస్తే ప్రమాదం, నిజమే. పేరు మార్చింది రెండోది. అదీ నిజమే. ఆ తర్వాత తన చీరె ఇచ్చింది, కొంగు తన పద్ధతిలో వేయించింది, ఒక పాట నేర్పింది. ఒక్కోదానికీ ఒక్కో కారణం ఉంది. ఆ కారణాల వెనకే, పెళ్లివారి మధ్యలో కలిసి వచ్చి విస్తరి ముందు కూర్చునే పిలవనివాడిలా, ఇంకొకటి లోపలికి వచ్చింది. దాన్ని తను చూసింది. చూసి, జరిగి చోటిచ్చింది.

శుక్రవారం, బడి అయ్యాక చర్చి అయ్యగారి ఇంటికి నడుస్తూ దేవకృప ఇది ఆలోచిస్తోంది. లారీలలో సిపాయిలు పోతున్నారు. ఒకడు ఎవరికో చెయ్యి ఊపాడు. అంగళ్ల ముందు కుచ్చు వేలాడే రూమీ టోపీ ఒక్కటీ కనిపించడం లేదు. ఒక షేర్వానీ ముసలాయన గోడ వారగా, తన సొంత వీధిలో దారి అడుగుతున్నవాడిలా నడుస్తున్నాడు.

ఆ సాయంత్రం ప్రార్థన వేళ, "రా, మోకరించు," అంది తను. నూర్‌బీ వచ్చింది. తనకు తెలిసిన తీరున మడమల మీద కూర్చుని, రెండు అరచేతులూ పైకి తెరిచి ఒళ్లో పెట్టుకుంది. ఏదో అందుకోబోతున్నట్టు. దేవకృప కళ్లు మూసుకోలేదు. "ఇలా కాదు," అని, ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, ఒకదానికొకటి చేర్చి మూసింది. దబ్బనం పట్టి కాయలు కాసిన వేళ్లు. అవి ఒక్క క్షణం బిగిశాయి. ఆ తర్వాత వదులైపోయాయి. వదులైన ఆ క్షణంలో దేవకృప ఛాతీలో ఒక వెచ్చదనం పాకింది. చలిలో పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. ఇన్నేళ్లలో బడి పిల్లలు తప్ప తన మాటకు ఎవరి చేతులూ అలా వదులవలేదు.

ఆ వెచ్చదనాన్ని ఆమె అప్పుడు పరిశుద్ధాత్మ అనుకుంది.

అయ్యగారు ఏసురత్నం వరండాలో వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. చేట పక్కకు జరిపి కూర్చోమన్నారు. దేవకృప దారంతా కూర్చుకున్న మాటలు నోట్లోకి వచ్చేసరికి పొట్టిగా అయ్యాయి.

"అయ్యగారూ, ఆదివారం సంగతి. ఆమెకు నిజంగా మనసు ఉందో లేదో నాకు తెలియడం లేదు. నాకు భయపడి ఒప్పుకుందేమో. నేను ఆమెకు చేసిందాంట్లో అంతా మంచే లేదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మంచివాడాయన. గొంతులో నిజమైన ఆప్యాయత ఉంది. "దేవకృపమ్మగారూ, ఇది మీ వినయం. ప్రాణానికి తెగించి ఒక ఆత్మను కాపాడి, మళ్లీ ఇలా సంకోచపడటం, ఇది అందరికీ ఉండే గుణం కాదు."

వినయం. ఆ మాట తగలగానే ఛాతీలో అదే వెచ్చదనం, అదే చోట, అదే తీరున పాకింది. దేవకృప ఉలిక్కిపడింది. ఇదే. ఎవరూ మోకరించని, ఎవరూ ప్రార్థించని ఈ వరండాలో, వేరుశనగ పొట్టు మధ్య, అదే వచ్చి కూర్చుంది. తప్పు ఒప్పుకోవడానికి వచ్చానని అనుకుంది గానీ, తను వచ్చింది ఈ మాట కోసమేనేమో. అంతకంటే లోతుకు వెళ్లడానికి ఆమెకు ఓపిక లేకపోయింది. అలసటగా ఉంది. తనను తానే ఇంతసేపు మోసుకు తిరుగుతున్న అలసట.

"మీరే వచ్చి ఆమెను అడగండి," అంది. "నేను లేనప్పుడు."

"మీరు లేకుండా అడిగితే బెదిరిపోదూ? రేపు సాయంత్రం మేబెలమ్మగారితో కలిసి వస్తాను. అందరి ఎదుటే అడుగుదాం. ఆమె వద్దంటే బలవంతం లేదు. మనం అలాంటి వాళ్లం కాము."

ఆ మాట ఆయన నమ్మే అంటున్నారు.

తిరిగి వస్తూ దేవకృప ఉపాయం వెతికింది. నేరుగా నూర్‌బీతో చెప్పెయ్యొచ్చు: ఆదివారం రావద్దు, నీ ఊదు నువ్వు వేసుకో, నీ కూతురి పురుడు నువ్వు పోసుకో. నూర్‌బీ వింటుంది. తప్పకుండా వింటుంది. "నువ్వు వద్దంటే వద్దు అక్కా," అంటుంది. అప్పుడు కూడా ఆ చేతులు తను మూసినవే అవుతాయి. తను రమ్మన్నా ఆజ్ఞే, వద్దన్నా ఆజ్ఞే. నూర్‌బీ దాక్కున్న ఆ వారం రోజుల్లో తన నోట్లోంచి మామూలు మాట పోయింది.

*

శనివారం సాయంత్రం ఇద్దరూ వచ్చారు. అయ్యగారికి గదిలో ఉన్న ఒక్క కుర్చీ వేసింది దేవకృప. మేబెల్ మంచం మీద కూర్చుని, కాగితం పొట్లం విప్పి తెల్లచీర ఒళ్లో పెట్టుకుంది. మడతలు చెదరకుండా అరచేత్తో రాస్తోంది. నూర్‌బీ గోడకు చేరబడి కింద కూర్చుంది. వేళ్ల మధ్య ఎక్కడిదో దారపు ముక్క ఉంది. దాన్ని చుడుతోంది, విప్పుతోంది.

"చూడమ్మా," అన్నారు అయ్యగారు, "రేపటి సంగతి. నీ నోట ఒక్కసారి వినాలని వచ్చాం. ఇది ఎవరి కోసమో చేసేది కాదు. నీకు మనసారా ఇష్టమేనా?"

నూర్‌బీ దేవకృప వైపు చూసింది.

దేవకృప ముఖంలో ఏమీ లేకుండా చేసుకోవాలని ప్రయత్నించింది. కనుబొమలు వదులు చేసింది. పెదవులు మామూలుగా పెట్టుకుంది. కానీ మామూలుగా పెట్టుకున్న పెదవుల్ని కూడా నూర్‌బీ చదువుతోంది. గొంతెత్తకూడని ఆ గదిలో రోజుల తరబడి ఈ ముఖాన్ని చూసే ఆమె లేచింది, కూర్చుంది, దగ్గింది, ఊపిరి బిగబట్టింది. బడికి పోని మనిషి. కానీ ఈ ఒక్క ముఖం ఆమెకు కంఠతా వచ్చు. ఇందులో ఖాళీ పేజీ అంటూ ఉండదు.

"చెప్పు పుష్పమ్మా, భయం దేనికి? అక్క ఇక్కడే ఉందిగా," అంది మేబెల్.

అదే కదా.

దేవకృప లేచింది. మూలనున్న బిందె తీసుకుంది. "నీళ్లు పట్టుకొస్తాను."

"ఇప్పుడు నీళ్లేంటి కృపా? కూర్చో! ముఖ్యమైన మాట జరుగుతుంటే!"

"మీరు మాట్లాడండి."

"అక్కా," అంది నూర్‌బీ. పట్టుకున్న చెయ్యి జారితే పిల్లలు పిలిచేలాంటి గొంతు. దేవకృప గుమ్మం దాటింది. వాకిట్లోకి వచ్చి, నల్లా దగ్గర గోడ వైపు తిరిగి నిలబడింది. నల్లా తిప్పింది. సన్నటి ధార బిందె అడుగున చప్పుడు చేసింది. చప్పుడు ఎక్కువగా ఉందని ధార తగ్గించింది. మళ్లీ, వినడానికి తగ్గిస్తున్నానని తెలిసి, సిగ్గుపడింది. అయినా పెంచలేదు.

 లోపల మేబెల్ ఏదో గొణిగింది. అయ్యగారు, "తొందర లేదు, నిదానంగా చెప్పమ్మా," అన్నారు.

బిందెలో నీళ్లు సగానికి వచ్చాయి.

"నాకొద్దయ్యగారూ," అంది నూర్‌బీ.

గొంతు చిన్నదే. కానీ తడబాటు లేదు. "మీ దేవుడంటే నాకేం దుష్మని లేదు. మంచిగనే ఉంది మీ పాట సుత. అక్కంటే నాకు పానం. ఆమె కోసరం వస్తనన్న. మనసుకు అడిగితే మాత్రం, నాకొద్దు. నా బిడ్డ ఉంది. మా ఆయన గోరి ఉంది. నాకొద్దు."

"ఏంటిది?" మేబెల్ గొంతు లేచింది. "ఇంత దూరం వచ్చాకనా? కృపా! ఇలా రా, విను ఏమంటోందో!"

దేవకృప కదల్లేదు. తేలిక పడాల్సిన క్షణం ఇది. తను కోరింది ఇదే. కానీ తేలిక ముందు రాలేదు. ముందు వచ్చింది ఒక పోటు. ఇంత చేస్తేనా? కర్రల ముందు నిలబడితేనా? "కోసరం వస్తనన్న" అట! ఆ మాటలు ఎవరివో కావు. మేబెల్‌వి కావు. తన గొంతుతోనే, తన నాలుక మీదే, అచ్చుగా, పూర్తిగా వచ్చాయి. దేవకృప వాటిని తరమలేదు. ఇవి నావి, అనుకుంది. ఈ మనిషిని నేనే. గుమ్మంలో నిలబడిన మనిషినీ నేనే. రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని దాచడం ఇక తన వల్ల కాదు. ముఖం వేడెక్కింది. దవడలు బిగిశాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ ముఖం ఎలా ఉంటుందో అద్దం లేకుండానే తెలుస్తోంది.

గుమ్మంలో అడుగుల చప్పుడు. నూర్‌బీ వాకిట్లోకి వచ్చి, వెనక రెండు మూరల దూరంలో ఆగింది. ఆమె ఊపిరి వినిపిస్తోంది.

"అక్కా, కోపమొచ్చిందా? ఒక్కసారి ఇటు సూడు."

తిరిగితే ఆమె చూస్తుంది. చూసిందంటే చదువుతుంది. ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, మేబెల్ ఒళ్లోంచి ఆ చీర అందుకుంటుంది.

"అక్కా."

దేవకృప ఎడమ చెయ్యి గోడకు ఆన్చి, బిందె మీదికి ఇంకొంచెం వంగి, తల తిప్పకుండా అలాగే నిలబడింది.